అపెరోల్: చేదు కలిసిన తీపిని కాక్‌టెయిల్‌లో లెక్కవేయడం ఎలా

అపెరోల్ ఇటలీలో పుట్టిన, నారింజ రుచి గల చేదు తీపి పానీయం. అది వేసిన కాక్‌టెయిల్ నీళ్లలా పలుచగా ఉందనో, నాలుకకు జిగురుగా అంటుకుందనో అనిపిస్తే చాలాసార్లు తప్పు ఒకే చోట ఉంటుంది. దాన్ని జిన్నులాగో రమ్ములాగో మద్యం కింద లెక్కగట్టి ఉంటారు. ఆ సీసాలో ఆల్కహాల్ 11 శాతమే. చక్కెర మాత్రం 100 మి.లీ.కి సుమారు 25 గ్రాములు ఉంటుంది. బలంలో అది మామూలు వైన్‌కు దగ్గర. తీపిలో చూస్తే, బార్‌లో వాడే పంచదార సిరప్‌లో ఉండే చక్కెరలో ఐదింట రెండు వంతులు. చేదు ఆ తీపిని కప్పి ఉంచుతుంది కాబట్టి నేరుగా రుచి చూసినవాళ్లకు అంత చక్కెర ఉందని తోచదు. పానీయం వేడెక్కినప్పుడు, నీరు కలిసి చేదు పలచబడినప్పుడు ఆ తీపి ఒక్కసారిగా పైకి వస్తుంది.

అది అలా తయారైంది పొరపాటున కాదు. లుయీజీ, సిల్వియో బార్బియేరీ అనే అన్నదమ్ములు 1919లో ఇటలీలోని పాడువా నగరంలో జరిగిన ప్రదర్శనలో దీన్ని జనం ముందుకు తెచ్చారు. భోజనానికి ముందు ఆకలి పుట్టించడానికి తాగే చేదు పానీయాలు అప్పటికే ఇటలీలో చాలా ఉన్నాయి. 1860 నాటి కంపారీ అందులో పేరున్నది. బార్బియేరీలు ఎంచుకున్నది తక్కువ ఆల్కహాల్ దారి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం లిక్యూర్ (తియ్యని మద్యం) అనిపించుకోవాలంటే లీటరుకు కనీసం 100 గ్రాముల చక్కెర, కనీసం 15 శాతం ఆల్కహాల్ ఉండాలి. అపెరోల్ మొదటి షరతును సులువుగా దాటుతుంది, రెండోదాన్ని అందుకోదు. కాక్‌టెయిల్ కలిపేవాళ్లు గుర్తుంచుకోవలసిన స్వభావమంతా ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

పూర్తి తయారీ సూత్రం కంపెనీ రహస్యం. బయటికి చెప్పిన దినుసుల్లో చేదు నారింజ, తీపి నారింజ, జెన్షియన్ వేరు, రూబార్బ్, సింకోనా బెరడు ఉన్నాయి. సింకోనాలో ఉండేది క్వినైన్. జెన్షియన్ వేరులోని కొన్ని పదార్థాలు మనిషి నాలుక గుర్తించగల అత్యంత చేదైన వాటిలో చేరతాయి, చిటికెడంత ఉన్నా చాలు. అందుకే అపెరోల్ గుక్క రెండు దశల్లో తెలుస్తుంది. ముందు నారింజ తీపి తగులుతుంది, మింగిన తర్వాత చేదు నెమ్మదిగా వచ్చి నిలుస్తుంది. మంచి కాక్‌టెయిల్‌లో ఈ రెండు దశలూ మిగలాలి. మొదటిది మాత్రమే మిగిలితే అది నారింజ షర్బత్.

కొలతల కోసం మూడు సంఖ్యలు దగ్గర పెట్టుకుంటే చాలు. పంచదార, నీరు సమాన తూకంలో కలిపిన సిరప్‌తో పోల్చితే 30 మి.లీ. అపెరోల్ 12 మి.లీ. సిరప్‌కు సమానం. అదే 30 మి.లీ.లో స్వచ్ఛమైన ఆల్కహాల్ 3.3 మి.లీ. మన షాపుల్లో దొరికే 42.8 శాతం విస్కీతో పోల్చితే అది 8 మి.లీ. విస్కీకి కూడా సరిపోదు. ఇక పులుపు లేనట్టే, కాబట్టి దాన్ని బయటినుంచి తేవాలి.

స్ప్రిట్జ్

ప్రపంచంలో ఎక్కువ అపెరోల్ ఖర్చయ్యేది ఈ ఒక్క పానీయంలోనే. 2003లో అపెరోల్ కంపారీ సంస్థ చేతికి వచ్చాక, పాడువా ఉన్న వెనెటో ప్రాంతపు ఈ అలవాటు అన్ని దేశాలకూ పాకింది. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం ఇచ్చే కొలత 90 మి.లీ. ప్రొసెక్కో (ఇటలీ బుడగల వైన్), 60 మి.లీ. అపెరోల్, కొద్దిగా సోడా. ఆ కొద్దిగాను 30 మి.లీ. అనుకుంటే మూడు, రెండు, ఒకటి అన్న నిష్పత్తి వస్తుంది. తేలిగ్గా గుర్తుండే కొలత, కానీ తీపి వైపు మొగ్గిన కొలత.

సీసాలు బయటి వేడిలో ఉంచి, ఐస్ వేస్తే చల్లబడుతుంది కదా అనుకోవడం స్ప్రిట్జ్‌ను అన్నిటికంటే ఎక్కువగా పాడుచేసే పని. 180 మి.లీ. పానీయాన్ని 30 డిగ్రీల నుంచి సున్నాకు తేవాలంటే సుమారు 65 గ్రాముల ఐస్ కరగాలి. ఫ్రిజ్‌లో 5 డిగ్రీలకు చల్లబరిచిన సీసాల నుంచి పోస్తే 11 గ్రాములు కరిగితే సరిపోతుంది. మొదటి గ్లాసులో ఆల్కహాల్ 7 శాతం లోపుకు పడిపోతుంది, రెండోది 8.6 దగ్గర నిలుస్తుంది. పైగా వెచ్చని ద్రవంలో బొగ్గుపులుసు వాయువు నిలవదు, ఐస్ ముక్కలను తాకగానే నురగలా పొంగి పోతుంది. గ్యాస్ పోయిన తీపి నీళ్లు మిగులుతాయి. కాబట్టి ప్రొసెక్కో, సోడా, అపెరోల్ మూడూ కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉండాలి. అపెరోల్‌ను మర్చిపోయేవాళ్లే ఎక్కువ. గ్లాసులో మూడో వంతు అదే కాబట్టి అది వెచ్చగా ఉంటే మిగతా రెండింటి చల్లదనం వృథా.

గ్లాసు పెద్దది కావాలి. 400 మి.లీ.కి తగ్గని కాడ గల వైన్ గ్లాసు అంచు దాకా ఐస్ నింపాలి. నాలుగు ముక్కలు వేస్తే అవి తేలుతూ పైన ఉండిపోతాయి, అడుగు వెచ్చగానే ఉంటుంది. ముక్కలు పెద్దవిగా, గట్టిగా ఉండాలి. కొట్టిన ఐస్, బకెట్‌లో అప్పటికే చెమర్చిన ఐస్ గ్లాసులోకి ముందుగానే నీళ్లు తెస్తాయి. హైదరాబాద్ మే నెలలో బాల్కనీలో కూర్చుని తాగే పానీయానికి ఇది చిన్న విషయం కాదు.

పోసే వరుసకూ కారణం ఉంది. చక్కెర వల్ల అపెరోల్ వైన్ కంటే బరువు. ముందు దాన్ని పోస్తే అడుగున కూర్చుంటుంది. తర్వాత కలపడానికి చెంచా గట్టిగా తిప్పాలి, తిప్పినకొద్దీ గ్యాస్ పోతుంది. ప్రొసెక్కో ముందు పోసి, దాని మీద అపెరోల్ నెమ్మదిగా వదిలితే అది కిందికి దిగుతూ తనంతట తానే కలుస్తుంది. చివర సోడా. తర్వాత చెంచాను అడుగు దాకా దింపి ఒక్కసారి పైకి లేపితే చాలు. గుండ్రంగా తిప్పాల్సిన పని లేదు.

ప్రొసెక్కో బ్రూట్ కొనాలా, ఎక్స్‌ట్రా డ్రై కొనాలా అన్న చర్చకు దాని స్థాయికి మించిన ప్రాధాన్యం దక్కుతోంది. ఎక్స్‌ట్రా డ్రై అన్న పేరు చూసి తీపి తక్కువ అనుకుంటారు. నిజానికి అది బ్రూట్ కంటే తీపి: లీటరుకు 12 నుంచి 17 గ్రాముల చక్కెర ఉంటుంది, బ్రూట్‌లో 12 లోపు. కానీ 90 మి.లీ.లో ఆ తేడా ఎంత? మహా అయితే గ్రామున్నర, మామూలుగా అర గ్రాము. అదే గ్లాసులో అపెరోల్ ఒక్కటే 15 గ్రాముల చక్కెర తెస్తోంది. అపెరోల్‌ను 60 నుంచి 45 మి.లీ.కి తగ్గిస్తే దాదాపు 4 గ్రాములు ఒక్కసారిగా తగ్గుతాయి. తీపి ఎక్కువైందనుకునేవాళ్లు వైన్ మార్చేముందు చేయవలసింది ఇదే.

రెండో మార్గం పులుపు. 90 మి.లీ. ప్రొసెక్కోలో మొత్తం ఆమ్లం అర గ్రాముకు కాస్త అటూ ఇటూ. నిమ్మరసంలో 6 శాతం దాకా ఆమ్లం ఉంటుంది కాబట్టి 7.5 మి.లీ. రసం, అంటే ఒకటిన్నర టీస్పూన్లు, గ్లాసులోని పులుపును ఇంచుమించు రెట్టింపు చేస్తుంది. ఇంట్లో కలిపేవాళ్లకు ఈ కొలత నమ్మదగినది: ప్రొసెక్కో 90, అపెరోల్ 45, సోడా 30, నిమ్మరసం 5 మి.లీ. ఇటలీలో ఇలా నిమ్మరసం వేయడం ఆనవాయితీ కాదు. అయినా రెండో గ్లాసు కూడా మొదటిదానిలా రుచించాలంటే ఈ సవరణ విలువైనది.

ప్రొసెక్కో దొరకని చోట నాసిక్ నుంచి వచ్చే మెరిసే వైన్లు పనికొస్తాయి. ఒక్క తేడా ఉంది. ప్రొసెక్కోలో బుడగలు పెద్ద ట్యాంకుల్లో పుడతాయి, అందుకే ద్రాక్ష, ఆపిల్, పూల వాసనలు తాజాగా నిలుస్తాయి. సుల బ్రూట్, షాందోన్ వంటివి సీసాలోనే రెండోసారి పులియబెట్టినవి. వాటికి ఈస్ట్ తెచ్చే రొట్టె వాసన ఉంటుంది. అది అపెరోల్‌లోని నారింజను కొంత అణుస్తుంది. నారింజ తొక్క నూనెను గ్లాసు మీద పిండితే ఆ లోటు పూడుతుంది. గ్లాసులో ముక్క వేయడం వేరు, తొక్కను వంచి నూనె చిమ్మించడం వేరు. వాసన రెండో పనితోనే వస్తుంది. ముక్క అలంకారం, పైగా ఎక్కువసేపు నానితే తెల్లని పొర వగరు దిగుతుంది.

వెనిస్‌లో సెలెక్ట్ అనే 1920 నాటి చేదు మద్యంతో చేసే స్ప్రిట్జ్‌లో ఉప్పు ఊరిన పచ్చ ఆలివ్ వేస్తారు. సెలెక్ట్ 17.5 శాతం, చేదూ ఎక్కువ. ఉప్పు చేదును తగ్గించి చూపిస్తుంది కాబట్టి అక్కడ ఆలివ్ కుదురుతుంది. అపెరోల్‌లో చేదు ముందే తక్కువ. దానికీ ఆలివ్ వేస్తే మిగిలే చేదు కూడా వెనక్కి పోతుంది. పక్కన తినే చెక్కలు, వేయించిన పల్లీలు కూడా ఇదే పని చేస్తాయి. పక్కన ఉప్పుగా తినేది ఉన్నప్పుడు అపెరోల్ 60 మి.లీ. పోసినా సమతూకం నిలుస్తుందనడం కంటే, 45తోనే ఆగి సోడా పెంచడం మేలు.

ఇంకో మాట చెప్పకుండా దాటకూడదు. స్ప్రిట్జ్ తేలికైనదన్నది రుచికే వర్తిస్తుంది. 90 మి.లీ. ప్రొసెక్కో, 60 మి.లీ. అపెరోల్ రెండూ 11 శాతం కాబట్టి గ్లాసులో 16.5 మి.లీ. ఆల్కహాల్, అంటే 13 గ్రాములు ఉంటుంది. 42.8 శాతం విస్కీ 30 మి.లీ. పెగ్గులో 10 గ్రాములే. ఎండలో దాహం తీర్చుకుంటున్నట్టు స్ప్రిట్జ్‌ను గటగటా తాగేవాళ్లు పెగ్గు లెక్కకంటే వేగంగా వెళ్తున్నారు. తాగి బండి నడపవచ్చుననే ధైర్యానికి ఇందులో ఏ ఆధారమూ లేదు.

పులుపు కలిపే కాక్‌టెయిల్స్

అపెరోల్ 60 మి.లీ., నిమ్మరసం 22.5 మి.లీ. షేకర్‌లో పోసి ఐస్‌తో కొడితే ఏమవుతుందో చూద్దాం. కలిపిన దాంట్లో ఆల్కహాల్ 8 శాతం. షేక్ చేసేటప్పుడు 40 మి.లీ. నీరు చేరుతుంది. చివరికి గ్లాసులోకి వచ్చేది 5 శాతం చిల్లర, బీరంత బలం. బీరుకున్న బుడగలూ దీనికి లేవు. పలుచదనం అక్కడినుంచి వస్తుంది. సిరప్ పెంచితే బాగవుతుందనుకుని తీపి చేస్తారు, ఇంకా పాడవుతుంది. కావలసింది వెన్నెముక లాంటి గట్టి మద్యం. 30 మి.లీ. జిన్ చేర్చగానే నీరు కలిశాక కూడా 12 శాతం దగ్గర నిలుస్తుంది, రుచి గట్టిపడుతుంది.

అపెరోల్‌ను తోడుగా పెట్టి చేసే సోర్‌కు (మద్యం, పులుపు, తీపి కలిపే కాక్‌టెయిల్) ఈ కొలత బాగుంటుంది: జిన్ 45, అపెరోల్ 30, తాజా నిమ్మరసం 22.5, సిరప్ 7.5 మి.లీ. మామూలు సోర్‌లో సిరప్ 20 మి.లీ. దాకా వేస్తారు. ఇక్కడ 12 మి.లీ. సిరప్ పని అపెరోలే చేస్తోంది, మిగతా 7.5 మాత్రం చేర్చుతున్నాం. గట్టి ఐస్‌తో 10 నుంచి 12 సెకన్లు బలంగా షేక్ చేసి, వడకట్టి, చల్లబరిచిన గ్లాసులో పోయాలి. ఇదే సూత్రాన్ని ఇంకే రెసిపీకైనా వాడవచ్చు: అపెరోల్ ఎంత చేర్చారో అందులో ఐదింట రెండు వంతుల సిరప్ తీసేయాలి.

ఈ వరుసలో అందరికంటే పేరు తెచ్చుకున్నది పేపర్ ప్లేన్. న్యూయార్క్ బార్‌టెండర్ శామ్ రాస్ 2008లో షికాగోలోని వయొలెట్ అవర్ బార్ కోసం రూపొందించాడు. బోర్బన్ (అమెరికన్ విస్కీ), అపెరోల్, అమారో నొనీనో (మూలికల చేదు తీపి మద్యం), నిమ్మరసం నాలుగూ సమాన భాగాలు, ఒక్కొక్కటి 22.5 మి.లీ. మొదటి రూపంలో కంపారీ ఉండేది, తర్వాత అపెరోల్ వచ్చి చేరింది. నాలుగు భాగాలూ సమానమైనా ఇది నిలబడటానికి కారణం బలం మూడు చోట్ల పంచి ఉండటమే: బోర్బన్ 45 శాతం అయితే, నొనీనో 35, అపెరోల్ 11. షేక్ చేశాక 16 శాతం దగ్గర ఆగుతుంది. 40 శాతం బోర్బన్ వాడితే పానీయం నీరసంగా అనిపిస్తుంది. 45 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నదే వాడాలి. 42.8 శాతం సీసానే ఉంటే బోర్బన్‌ను 25 మి.లీ.కి పెంచితే సరిపోతుంది.

మన నిమ్మకాయతో చేసేటప్పుడు ఇంకో సవరణ ఉంది. ఈ రెసిపీలు రాసినవాళ్ల దృష్టిలో ఉన్నది పసుపుపచ్చని పెద్ద లెమన్. గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి వచ్చే మన చిన్న నిమ్మ లైమ్ జాతిది. మొత్తం ఆమ్లం దాదాపు సమానమే అయినా మాలిక్ ఆమ్లం ఎక్కువ ఉండటం వల్ల పులుపు నాలుక మీద ఎక్కువసేపు నిలుస్తుంది, తొక్కనుంచి దిగే చిరుచేదూ తోడవుతుంది. అపెరోల్ చేదుతో ఆ రెండూ కలిస్తే నారింజ మరుగునపడుతుంది. కాబట్టి లెమన్ 22.5 అన్న చోట మన నిమ్మ 18 నుంచి 20 మి.లీ. వేసి రుచి చూడాలి. కాయను మరీ గట్టిగా నలిపి పిండకూడదు.

మెక్సికోలో కిత్తలి మొక్క నుంచి తీసే, పొగ వాసన గల మెజ్కాల్‌తో అపెరోల్ జత అద్భుతంగా కుదురుతుంది. పొగ వాసన నారింజ తీపికి అడ్డు కట్టి, చేదును ముందుకు తెస్తుంది. బార్‌టెండర్ హోక్విన్ సిమో చేసిన నేకెడ్ అండ్ ఫేమస్‌లో మెజ్కాల్, యెల్లో షార్ట్రూజ్ (ఫ్రాన్స్ మూలికల తీపి మద్యం), అపెరోల్, లైమ్ రసం సమాన భాగాలు. షార్ట్రూజ్ దొరకకపోతే దాని స్థానంలో పెట్టదగినది మరొకటి లేదు, తేనె సిరప్‌తో సర్దుకుంటే అది వేరే పానీయం. అలాంటప్పుడు ఫిల్ వార్డ్ చేసిన డివిజన్ బెల్ వైపు వెళ్లడం మంచిది: మెజ్కాల్ 30, అపెరోల్ 22.5, లైమ్ 22.5, మరస్కీనో (చెర్రీ తీపి మద్యం) 15 మి.లీ. మెజ్కాల్ లేకపోతే పొగ వాసన ఉన్న విస్కీతో ప్రయత్నించవచ్చు. బెంగళూరు అమృత్ వారి పీటెడ్ విస్కీ లాంటిది 25 మి.లీ. చాలు, అంతకు మించితే పొగే మిగులుతుంది.

కంపారీ చోట అపెరోల్

రంగు దగ్గరగా ఉంది కదా అని, జిన్, కంపారీ, తీపి వర్మూత్ (మూలికలు కలిపిన వైన్) సమానంగా కలిపే నెగ్రోనీలో కంపారీ తీసి అపెరోల్ పోయడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఇటలీలో అమ్మే కంపారీ 25 శాతం. చక్కెర కంపారీలోనూ తక్కువేమీ కాదు. తేడా అంతా బలంలోనూ చేదులోనూ ఉంది. కంపారీ తీసేస్తే ఆ రెండూ పోతాయి. తీపి వర్మూత్ తీపి మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని ఆపే చేదు ఇప్పుడు లేదు. అందుకే తీపి వర్మూత్‌ను తీసి డ్రై వర్మూత్ పెట్టాలి. జిన్, డ్రై వర్మూత్, అపెరోల్ సమాన భాగాలైతే దాన్ని కాంటెస్సా అంటారు. ఇంకాస్త గట్టిగా కావాలంటే జిన్ 40, డ్రై వర్మూత్ 20, అపెరోల్ 30 మి.లీ. నెగ్రోనీని 25 సెకన్లు కలిపే అలవాటున్నవాళ్లు దీన్ని 15 సెకన్లకే ఆపాలి. ముందే బలం తక్కువ, నీటికి చోటు లేదు.

కంపారీ మరీ చేదనిపించేవాళ్లకు మధ్యేమార్గం ఉంది. మొత్తం 30 మి.లీ.లో 20 అపెరోల్, 10 కంపారీ. తీపి వర్మూత్‌తోనే నెగ్రోనీ చేసుకోవచ్చు, చేదు చివరిదాకా ఉంటుంది. అపెరోల్‌తో కలిపే అన్ని కాక్‌టెయిల్స్‌లోకీ ఇది అన్నిటికంటే ఉపయోగపడే చిట్కా, స్ప్రిట్జ్‌కు కూడా.

సోడా బదులు టానిక్ వాటర్ (క్వినైన్ కలిపిన సోడా) పోయడం మాత్రం మంచి ఆలోచన కాదు. క్వినైన్ చేదు వస్తుందని పోస్తారు కానీ టానిక్‌లోనూ చక్కెర ఉంది. పోయక తప్పకపోతే నిమ్మరసం 15 మి.లీ. తోడు ఉండాలి. బీరుతో జత మాత్రం చక్కగా ఉంటుంది. చల్లని 330 మి.లీ. లాగర్ సీసా నుంచి నాలుగు గుక్కలు తీసేసి, 45 మి.లీ. అపెరోల్, 15 మి.లీ. నిమ్మరసం పోస్తే బీరులో వేసే హాప్స్ పూల చేదు అపెరోల్ చేదును అందుకుంటుంది. స్ట్రాంగ్ బీరుకు ఇది సరిపడదు, దానికున్న మాల్ట్ తీపి మీద ఇంకో తీపి పడుతుంది.

నారింజకు దగ్గర చుట్టమైన బత్తాయిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. పిండిన బత్తాయి రసం కొంతసేపు నిలవ ఉంటే చేదెక్కుతుందని జ్యూస్ బండి వాళ్లందరికీ తెలుసు. రసంలోని ఆమ్లం వల్ల లిమోనిన్ అనే పదార్థం నెమ్మదిగా తయారవడమే దానికి కారణం. అపెరోల్ చేదు పక్కన ఆ చేదు కటువుగా నిలుస్తుంది, నారింజ చేదులా హాయిగా ఉండదు. అందుకే పిండిన వెంటనే వాడాలి, సాయంత్రానికని పొద్దునే పిండి ఫ్రిజ్‌లో పెట్టకూడదు. బత్తాయిలో పులుపు తక్కువ కాబట్టి నిమ్మ తప్పనిసరి. జిన్ 45, అపెరోల్ 30, అప్పుడే పిండిన బత్తాయి రసం 45, మన నిమ్మరసం 20 మి.లీ. సిరప్ వద్దు. షేక్ చేసి, నిండా ఐస్ ఉన్న పొడవాటి గ్లాసులో పోసి, పైన 30 మి.లీ. సోడా. కమలా తొక్క పలుచన, దాన్ని వంచితే నూనె తక్కువ వస్తుంది. వాసనకు దళసరి తొక్క ఉన్న నారింజే మేలు, మైనం పూత ఉంటే వేడినీళ్లతో రుద్ది కడగాలి.

తెరిచిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టాలి. చక్కెర ఎక్కువ ఉండటం వల్ల వర్మూత్ అంత త్వరగా పాడవదు, కానీ 11 శాతం ఆల్కహాల్ వోడ్కాలాగా ఏళ్లతరబడి కాపాడలేదు. కొన్ని నెలలకు పైనున్న తాజా నారింజ వాసన ముందు పోతుంది, తీపి మిగులుతుంది. సీసా సగానికి వచ్చాక చిన్న సీసాలోకి మార్చితే లోపలి గాలి తగ్గుతుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం ఉంచకూడదు. అక్కడి చలికి ఇంత తక్కువ ఆల్కహాల్ ఉన్న ద్రవం మంచుగుజ్జులా గడ్డకడుతుంది, అలాంటప్పుడు సీసా నుంచి పోసిన మొదటి 30 మి.లీ. మిగతా సీసాకంటే చిక్కగా, తీపిగా వచ్చి లెక్క మొత్తం తప్పుతుంది.